అలాగే సార్

పరశురాం మాట ముగ్గురికే అర్థమవుతుంది. తల్లి కొండమ్మకు, తండ్రి గట్టయ్యకు, క్లాసులో పక్కన కూర్చునే మణిదీప్‌కు. పరశురాంకు పుట్టుకతో సెరిబ్రల్ పాల్సీ. చేతులు, కాళ్లు, నాలుక అతను చెప్పినట్టు వినవు. తలలో వాక్యం పూర్తిగానే ఉంటుంది. నోటి నుంచి బయటికి వచ్చేసరికి కొత్తవాళ్లకు అది మూలుగులా వినిపిస్తుంది. అబిడ్స్‌లోని ఒక పీజీ కాలేజీలో ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాడు.

వాళ్లు ఉండేది నాంపల్లి స్టేషన్ వెనక ఒక గదిలో. గట్టయ్య బేగం బజార్‌లో హమాలీ. సరుకు లారీలు రాత్రిపూట వస్తాయి కాబట్టి అతను పగలు పడుకుంటాడు. ఆ గదిలో పగలు లైటు వేయరు, పైకి మాట్లాడరు. పొద్దున కొండమ్మ కొడుకును వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి, స్టేషన్ రోడ్డు మీదుగా మొజంజాహీ మార్కెట్ దాటి కాలేజీకి తోసుకొస్తుంది. ఫుట్‌పాత్ నిండా బండ్లు ఉంటాయి. అందుకని ఆటోల మధ్య రోడ్డు మీదే తోస్తుంది. క్లాసులు అయ్యేదాకా వరండాలో కూర్చుంటుంది.

పోయిన ఏడాది కాలేజీకి ఒక పరికరం వచ్చింది. దివ్యాంగ విద్యార్థుల కోసం మాదాపూర్ కంపెనీ ఒకటి ఇచ్చింది. దాని పేరు ‘పలుకు’. వీల్‌చైర్‌కు ఒక కడ్డీ బిగించి, దాని చివర తెర అమర్చారు. తెర కింది కెమెరా కంటిపాపను గమనిస్తుంది. ఏ అక్షరం మీద చూపు ఆపితే ఆ అక్షరం పడుతుంది. వాక్యం పూర్తయ్యాక పరికరం దాన్ని పైకి చదువుతుంది. తెలుగులో ఒక్క మాట రాయాలన్నా అక్షరం మీద, ఒత్తు మీద, గుణింతం మీద విడివిడిగా చూపు ఆపాలి. అంతసేపు ఎవరూ ఆగరు. అందుకని ఎదుటి మనిషి అడిగింది పలుకు తానే విని, రెండు మూడు జవాబులు తయారుచేసి తెర పైన చూపిస్తుంది. పరశురాం వాటిలో ఒకదాన్ని చూస్తే చాలు.

మొదటి రోజు అది క్లాసులో మాట్లాడింది. “నా పేరు పరశురాం. నేను చరిత్ర విద్యార్థిని. మీ అందరినీ కలవడం సంతోషంగా ఉంది.”

మణిదీప్ వాళ్ల తాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు గుడివాడ నుంచి సచివాలయం ఉద్యోగానికి వచ్చాడు. మణిదీప్ పుట్టింది, పెరిగింది లక్డీకాపూల్‌లో. అతను బెంచీ మీదికి వంగి అన్నాడు. “ఏందిరా, రాత్రికి రాత్రి వార్తలు చదివేటోడివి అయిపోయినవ్. మా నానమ్మ కూడా ఇట్లా మాట్లాడదు.”

పరశురాం నవ్వాడు. ‘గీడ’ అని రాస్తే పలుకు ‘ఇక్కడ’ అని చదివేది. ‘ఏంది’ అని రాస్తే ‘ఏమిటి’ అనేది. కొండమ్మ వరండాలో కూర్చుని కొడుకు చేత పేరు చెప్పే ఆ వాక్యం మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఆ దారిన పోయే వాళ్లను ఆపి వినిపించింది.

ఆ వారంలోనే పరశురాం దివ్యాంగ విద్యార్థుల విభాగం చూసే వసుమతికి ఒక అర్జీ రాశాడు. పలుకు మీద అతను రాసిన మొదటి పెద్ద మాట అది. అంతకుముందు ఒకసారి మణిదీప్ సాయం అనుకుని, పరశురాం సెమినార్ ఇవ్వలేడని లెక్చరర్‌తో చెప్పాడు. పరశురాం ఆ సెమినార్‌కు నెలంతా చదివి ఉన్నాడు. ఇద్దరికీ కొన్నాళ్లు మాటల్లేవు. అర్జీలో అతను అడిగింది ఒకటే. తన తరఫున ఇంకెవరూ మాట్లాడకూడదు, పలుకు ద్వారా తాను చెప్పిందే తన మాటగా తీసుకోవాలి. వసుమతికి అది నచ్చింది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి దాన్ని కాలేజీ నియమం చేయించింది. నోటీసు బోర్డులో అంటించిన రోజు, దాని పక్కన పరశురాంను నిలిపి మణిదీపే ఫొటో తీశాడు.

కొండమ్మకు ఆఫీసుల సంగతి తెలుసు. రేషన్ కార్డు, వైకల్యానికి సదరం సర్టిఫికెట్, పింఛను అన్నీ తానే తిరిగి తెచ్చింది. కొడుకు చిన్నప్పటి నుంచి వెంట ఉండి ఆమె పద్ధతి చూశాడు. సారు ఏమన్నా ముందు ఔ అనాలి. ఔ అంటే సారు నిమ్మళిస్తాడు. అప్పుడు మెల్లగా తన మాట చెప్పుకోవాలి. ముందే కాదంటే సారు తల ఎత్తడు. పరశురాం కాలేజీలోనూ అదే పాటించాడు. ఆఫీసు వాళ్లు ఏం అడిగినా తెర పైన కనిపించే ‘అలాగే సార్’ అన్న జవాబును ముందు చూసేవాడు. ఆ తర్వాత తన మాట రాయడం మొదలుపెట్టేవాడు. అది పూర్తయ్యేసరికి చాలాసార్లు సారు వెళ్లిపోయేవాడు. చిన్న విషయాలు కాబట్టి అతను పట్టించుకోలేదు.

కొన్నాళ్లకు లెక్చరర్లు క్లాసు టైము పోతోందని అన్నారు. వసుమతి కంపెనీతో మాట్లాడి ‘తొందర’ అనే ఏర్పాటు పెట్టించింది. చూపు ఎక్కడా ఆగక కాసేపు తిరుగుతుంటే, మొదటి జవాబును పలుకు తానే చదివేస్తుంది. ఇది నీ శ్రమ తగ్గించడానికే అని ఆమె చెప్పింది. అది మంచి కోసమేనని ఆమె నమ్మింది. పరశురాం అలాగే మేడమ్ అన్నాడు.

అప్పటి నుంచి లెక్చరర్లు అతని మొహం వైపు చూడటం తగ్గింది. ప్రశ్న అడిగి తెర వైపు చూసేవారు. పరీక్షలో అదనపు సమయం కావాలా అని ఒకరు అడిగితే, అవసరం లేదు, ధన్యవాదాలు అని పలుకు చెప్పింది. మణిదీప్ ఆ రోజు బయటికి వచ్చాక అడిగాడు.

“నువ్వన్నావా, అదన్నదా?”

పరశురాం నోటితో అన్నాడు. “గదే.”

మణిదీప్ అప్పుడు నవ్వాడు. అదనపు సమయం కోసం ఇద్దరూ కలిసి మళ్లీ రాసి ఇచ్చారు. అది సర్దుకుంది.

దసరా సెలవుల తర్వాత చరిత్ర విభాగాన్ని పై అంతస్తుకు మార్చారు. కింద వాళ్ల గదిలో దివ్యాంగుల కోసం సహాయక సాంకేతిక కేంద్రం పెడుతున్నారు. లిఫ్టు చెడిపోయి ఉంది. మొదటి వారం మణిదీప్, ఇంకో ఇద్దరు కలిసి వీల్‌చైర్‌ను మెట్ల మీద మోశారు. ఒకరోజు మలుపు దగ్గర ఒకరి చెయ్యి జారింది. పరశురాం పడలేదు. కానీ ఆ సంగతి వైస్ ప్రిన్సిపాల్ జగన్మోహనరావు దాకా వెళ్లింది. మోయడం ఆపించాడు. క్లాసును మళ్లీ కిందికి మార్చలేమన్నాడు. పరశురాం ఇంటి నుంచే రికార్డు చేసిన పాఠాలు వింటూ చదువుకోవచ్చని, పరీక్షలకు మాత్రం వస్తే చాలని ఒక ప్రతిపాదన తయారుచేశాడు. దానికి విద్యార్థి సమ్మతి కావాలి. కమిటీ పిలిచింది.

ఇల్లంటే ఆ గది. పగలు లైటు వేయని గది. పాఠం వినాలంటే తండ్రి లేచేదాకా ఆగాలి. అతను లేచేది బజారుకు పోయే వేళకు. మణిదీప్ ఉండడు, సెమినార్ ఉండదు. పరశురాం ఆ రాత్రి తల్లితో తాను ఒప్పుకోనని చెప్పాడు. కొండమ్మ సరే అంది. సారుతో మర్యాదగా మాట్లాడమంది.

కమిటీ గదిలో జగన్మోహనరావు, వసుమతి, గుమస్తా ఉన్నారు. నియమం ప్రకారం విద్యార్థితో పాటు ఇంకెవరినీ రానివ్వలేదు. జగన్మోహనరావు ప్రతిపాదన చదివి వినిపించాడు. తొందరేమీ లేని గొంతుతో అడిగాడు.

“ఇది నీ క్షేమం కోసమే. నీకు సమ్మతమేనా?”

పరశురాం ఎప్పటిలాగే ముందు ‘అలాగే సార్’ను చూశాడు. పలుకు అలాగే సార్ అంది. అతను ‘కానీ’ రాయడానికి ‘క’ మీద చూపు పెట్టాడు. జగన్మోహనరావు గుమస్తా వైపు తిరిగాడు. ‘కానీ నాకు’ అనేదాకా రాసేసరికి గుమస్తా ఫైలు మూశాడు. అటెండర్ అంజయ్య వచ్చి వీల్‌చైర్‌ను వెనక్కి తిప్పాడు. అప్పుడు తెర ముందు గోడ ఉంది.

వరండాలో కొండమ్మ అడిగింది. “ఔ అన్నవా?”

“అన్న.”

“మరి నీ మాట?”

“చెప్పనియ్యలే.”

ఆమె కొంగు అంచును వేలికి చుట్టుకుంది. తర్వాత అంది. “ముందుగాల ఔ అనుమన్నది నేనే గద కొడకా.”

మణిదీప్ వసుమతి దగ్గరికి వెళ్లాడు. పరశురాంకు ఇష్టం లేదని, అతను చెప్పేది పూర్తిగా వినలేదని చెప్పాడు. ఆమె అతన్ని కూర్చోబెట్టి నియమం గుర్తు చేసింది. అది పరశురాం అడిగి పెట్టించుకున్న నియమమని, అతని మీద గౌరవం ఉంటే నువ్వు కూడా పాటించాలని చెప్పింది. మణిదీప్ కదల్లేదు. మీరే వచ్చి అడగండి మేడమ్ అన్నాడు.

ఆమె వచ్చింది. వరండాలో వీల్‌చైర్ ముందు వంగి అడిగింది. “నీకు నిజంగా ఇష్టం లేదా బాబూ? భయపడకుండా చెప్పు.”

తెర మీద మొదటి జవాబు పచ్చరంగులో వెలిగింది. పరశురాం దాని వైపు చూడకుండా ఉండటానికి చూపును తెర అంచుల్లో తిప్పాడు. చూపు ఎక్కడా ఆగలేదు.

“నాకు ఇష్టమే మేడమ్. మీరు అడిగినందుకు ధన్యవాదాలు,” అంది పలుకు.

పరశురాం అరిచాడు. మెడ పక్కకు తిరిగింది, చెయ్యి వీల్‌చైర్ కడ్డీకి తగిలింది. వసుమతి ఒక అడుగు వెనక్కి వేసింది.

“నొప్పిగా ఉందా?” అని కొండమ్మను అడిగింది.

“గది ఆని మాట కాదు మేడమ్. వద్దంటుండు,” అంది కొండమ్మ.

వసుమతి కొండమ్మ మొహం, తెర మార్చి మార్చి చూసింది. తల్లులు పిల్లల్ని ఎదగనివ్వరన్న మాట ఆమె శిక్షణ తరగతుల్లో విన్నది. అయినా రెండోసారి కమిటీ పెట్టిస్తానంది. కంపెనీ మనిషిని కూడా పిలిపించింది.

వచ్చిన అతని పేరు శశికిరణ్. ల్యాప్‌టాప్‌ను పలుకుకు కలిపి చాలాసేపు చూశాడు. పరికరంలో ఏ లోపమూ లేదన్నాడు. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి అది మాట తీరు మారుస్తుందని, స్నేహితుడితో ఒక తీరు, అధికారితో ఒక తీరు అని చెప్పాడు. పెద్దవాళ్లతో మాట దురుసుగా వెళ్లకుండా సరిచేస్తుందట. ‘తొందర’ తీసేయమని మణిదీప్ అడిగితే, ఆ మాట విద్యార్థి పలుకు ద్వారా అడగాలి, లేదా కాలేజీ రాసి ఇవ్వాలి అన్నాడు. పరశురాం మొదటి అక్షరం కోసం వెతుకుతుండగానే పలుకు ఫర్వాలేదు సార్ అంది. వసుమతి కమిటీ అయ్యాక చూద్దామంది.

“ఒక సంవత్సరం వాడకం ఇందులో ఉంది మేడమ్,” అన్నాడు శశికిరణ్. “ఆఫీసు వాళ్లతో ఆయన ప్రతిసారీ ఔననే మొదలుపెట్టాడు. అది నేర్చుకుంది. ఇది తప్పు చెయ్యడం లేదు. ఇది ఆయనే.”

అతను వైర్లు చుట్టుకుని, పరశురాంకు చేయి ఊపి వెళ్లిపోయాడు. వీడ్కోలు మాట కూడా పలుకే చెప్పింది.

ఆ సాయంత్రం మణిదీప్‌కు ఒక ఉపాయం తోచింది. పలుకులో ముందే రాసి దాచుకునే మాటలకు ఒక గడి ఉంటుంది. దాన్ని చూస్తే ఆ వాక్యం మొత్తం ఒకేసారి వస్తుంది. ముగ్గురూ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర చాయ్ హోటల్ బయట ఆగారు. పరశురాం చూపుతో ఒక్కో అక్షరం రాశాడు. ‘నాకు ఇంటి చదువు వద్దు. నా క్లాసు కింద పెట్టండి.’ కొండమ్మ సాసర్‌లో చాయ్ చల్లార్చి అతనికి తాగించింది. మణిదీప్ కుర్చీ లాక్కుని జగన్మోహనరావులా కూర్చున్నాడు. కళ్లజోడు ముక్కు చివరికి దింపాడు.

“ఏమయ్యా, నీకు సమ్మతమేనా?”

“నాకు ఇంటి చదువు వద్దు. నా క్లాసు కింద పెట్టండి,” అంది పలుకు.

“అట్లనా? అయితే కాలేజీ కట్టి పదేళ్లు కాకముందే లిఫ్టు పోగొట్టినందుకు నన్ను క్షమించు నాయనా.”

“నాకు ఇంటి చదువు వద్దు. నా క్లాసు కింద పెట్టండి.”

చాయ్ హోటల్ అతను కూడా నవ్వాడు. కొండమ్మ కొంగుతో కొడుకు గడ్డం తుడిచింది. ఇగ ఫికర్ లేదు అంది. అలా చాలాసార్లు చెప్పించారు. ప్రతిసారీ అదే వచ్చింది. ఎదురుగా ఉన్నది మణిదీప్ అని దానికి తెలుసన్న సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

రెండో కమిటీ శుక్రవారం. అంజయ్య వీల్‌చైర్‌ను లోపల బల్ల ఎదురుగా నిలిపి, బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. పూర్తిగా మూయలేదు. ఆ సందులోంచి కొండమ్మకు కొడుకు వీపు, తెర వెలుగు కనిపించాయి. మణిదీప్ ఆమె పక్కన నిలబడ్డాడు.

జగన్మోహనరావు అదే గొంతుతో మొదలుపెట్టాడు. విద్యార్థి అభిప్రాయంపై సందేహం వచ్చిందన్నారు కాబట్టి మళ్లీ అడుగుతున్నామని చెప్పాడు. ఇంటి నుంచి చదువుకోవడానికి సమ్మతమేనా అన్నాడు.

పరశురాం దాచుకున్న వాక్యం గడి మీద చూపు పెట్టాడు. గడి వెలిగింది.

“అలాగే సార్,” అంది పలుకు. “నా క్లాసు గురించి మీరు ఇంతగా ఆలోచించినందుకు కృతజ్ఞుణ్ణి.”

బయట మణిదీప్ “ఇది కాదు” అన్నాడు. అంజయ్య అతని చెయ్యి పట్టుకుని, లోపలికి ఎవరూ పోవద్దన్నరు, నా నౌకరీ పోతది అన్నాడు.

పరశురాం మళ్లీ అదే గడిని చూశాడు. పలుకు మళ్లీ అలాగే సార్ అంది. వసుమతి తల ఊపింది. గుమస్తా పెన్ను తీశాడు.

అప్పుడు పరశురాం కళ్లు మూసుకున్నాడు.

కళ్లు కనిపించకపోతే అది జవాబు చెప్పే వీల్లేదు. అతనికి మిగిలిన దారి అదొక్కటే. కళ్లు మూసుకునే నోటితో మొదలుపెట్టాడు. ఒక్కో మాటకూ మెడ నరాలు బిగిశాయి. తలుపు బయట ఇద్దరికీ ప్రతి మాటా అర్థమైంది. ఇంటికాడ సదువ. గీడనే సదువుత. నన్ను పంపొద్దు. అదే మూడుసార్లు చెప్పాడు. గదిలో ముగ్గురూ కదలకుండా విన్నారు. వాళ్లకు అందులో ఒక్క మాటా తెలియలేదు.

పలుకు గొంతు వచ్చింది. “వినియోగదారుడు కనిపించడం లేదు. దయచేసి తెరకు ఎదురుగా రండి.”

“కళ్లు తెరువు బాబూ,” అంది వసుమతి. “నువ్వు చెప్పేది మేం వినాలి కదా.”

“వినియోగదారుడు కనిపించడం లేదు,” అంది పలుకు.

“స్పందించడం లేదని రాయాలా సార్?” అని గుమస్తా అడిగాడు.

కొండమ్మ అంజయ్యను పక్కకు తోసి లోపలికి వచ్చింది. ముందు ఔ అనలేదు. “వద్దంటుండు సారూ. గీడనే సదువుతనంటుండు. నా కొడుకు మాట నాకెరుక,” అంది.

జగన్మోహనరావు కోప్పడలేదు. కూర్చోమని కూడా అన్నాడు. తర్వాత చెప్పాడు. “చూడమ్మా. నీ కొడుకే రాసి ఇచ్చాడు, తన బదులు ఎవరూ మాట్లాడొద్దని. అతనికి ఈ కాలేజీ నోరిచ్చింది. అతన్నే మాట్లాడనివ్వు.”

“వినియోగదారుడు కనిపించడం లేదు. దయచేసి తెరకు ఎదురుగా రండి.”

కొండమ్మ ఆ గొంతు వినలేకపోయింది. దాన్ని ఆపేయాలనుకుంది. వీల్‌చైర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కొడుకు చెంప దగ్గరగా తల పెట్టి, ఎక్కడ నొక్కాలో తెలియక తెర మీద వెతికింది. ఆమెకు చదువు రాదు. పచ్చగా వెలిగేది ఒక్కటే కనిపించింది. దాని వైపు చూసింది.

కెమెరాకు కళ్లు కావాలి. అవి ఎవరివన్నది అది చూడదు.

“అలాగే సార్,” అంది పలుకు. “నాకు పూర్తి సమ్మతమే. ధన్యవాదాలు.”

జగన్మోహనరావు మంచిది అని గుమస్తాకు చెప్పాడు. గుమస్తా రాసుకున్నాడు. మణిదీప్ తలుపు దగ్గర నుంచి ఏదో అన్నాడు. అంజయ్య అతన్ని బయటికి లాగి తలుపు ఈసారి పూర్తిగా మూశాడు. కొండమ్మ ఇంకా తెర వైపే చూస్తోంది. తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. పరశురాం తల ఆమె భుజానికి ఆనుకుని ఉంది.

వసుమతి అతని మొహం చూసింది. కళ్లు మూసే ఉన్నాయి. ఆ మాట వచ్చినప్పుడూ మూసే ఉన్నాయి. ఆమె జగన్మోహనరావు వైపు తిరిగి, సార్, అంది.

ఏమిటన్నట్టు చూసి అతను కాగితం ఆమె ముందుకు జరిపాడు. కాగితం మీద విద్యార్థి మాట రాసి ఉంది. దాని కింద విభాగం తరఫున ఆమె సంతకానికి జాగా ఉంది. నియమాన్ని తెచ్చింది తానేనని ఆమెకు గుర్తుంది.

పెన్ను తీసుకుని ఆమె సంతకం చేసింది.